ఈశాన్యంలో కందకం

తాడేపల్లిగూడెం శివార్లలో బాపిరాజు గారు ఐదంతస్తుల అపార్ట్‌మెంటు కట్టబోతున్నారు. ఆ స్థలాన్ని పరీక్షించడానికి వచ్చిన జియాలజిస్టు రిజ్వాన్, నైరుతి మూల సున్నంతో పొడుగాటి గీత గీసి వెళ్ళాడు. అక్కడ ఒక బోరులో ఆరడుగులకే తగిలిన గులకరాళ్ల పొర, పక్క బోరులో పన్నెండడుగులకు గాని తగల్లేదు. నేల ఎప్పుడో విరిగి కిందికి జారిందేమోనని అతని అనుమానం. అదే నిజమైతే, అది భూకంపాలకు కదిలే ఫాల్టయితే, దాని మీద ఇల్లు కట్టకూడదు. గీత వెంట కందకం తవ్వి, గోడలో పొరలు కళ్ళతో చూస్తే గాని తేలదు.

మర్నాడు రిజ్వాన్ ఏలూరు నుంచి వచ్చి బస్సు దిగేసరికి కందకం తయారుగా ఉంది. ముప్పై మీటర్ల పొడవు, రెండు నిలువుల లోతు. ఒక చివర పసుపు, కుంకుమ, కొబ్బరి చెక్కలు. అన్నీ బాగున్నాయి. కాకపోతే ఈశాన్యంలో ఉంది.

"గీత అక్కడ గీశాను కదండీ," అన్నాడు రిజ్వాన్.

"ఆయ్, చూశానండి," అన్నారు బాపిరాజు గారు. "నైరుతిలో గొయ్యి తీస్తే యజమానికి అరిష్టమన్నారండి సిద్ధాంతి గారు. తవ్వితే ఈశాన్యంలోనే తవ్వాలంట. నేలంతా ఒకటే కదండీ, మనదే."

"ఆ సంగతి ఫాల్టుకి తెలీదు కదండీ."

"మీకు తెలుసు కదండీ, మీరు సర్దుకోండి. టిఫిను చేశారా?"

అక్కడే కాదనాల్సింది. రిజ్వాన్‌కి అది చేతకాదు. ఎవరైనా గదమాయిస్తే తిరగబడగలడు. 'అండీ' అని మెత్తగా అడిగితే మాత్రం వెన్నులో పూస ఒకటి పక్కకి జారినట్టవుతుంది. దాన్ని సంస్కారమనుకుంటూ నలభై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. పిరికితనానికి అంతకన్నా మంచి ఇస్త్రీ చొక్కా దొరకదు.

పెసరట్టు ఉప్మా తిని, నిచ్చెన వేసుకుని కందకంలోకి దిగాడు. నాలుగు రోజులు దిగుతూనే ఉన్నాడు. గోడని తాపీతో నున్నగా చెక్కాడు. మేకులు కొట్టి, దారాలు లాగి గళ్ళు కట్టాడు. ప్రతి గడిలోని మట్టినీ రంగు పెన్సిళ్ళతో కాగితం మీదకు ఎక్కించాడు. జీవితంలో ఏ గోడనీ ఇంత శ్రద్ధగా గీయలేదు. అందులో ఏమీ ఉండదని ముందే తెలుసు. చేస్తున్న పని ఎంత శుభ్రంగా ఉంటే, చేయని పని అంత దూరం జరిగినట్టుండేది. పైకొస్తే సున్నం గీత కనబడుతుందని టీ కూడా కందకంలోకే తెప్పించుకున్నాడు.

చివరికి రిపోర్టు రాశాడు: 'తవ్విన కందకంలో ఫాల్టు జాడలు కనబడలేదు.' ఒక్క మాట కూడా అబద్ధం కాదు. మూడుసార్లు చదువుకుని ముచ్చటపడ్డాడు. ఇక సంతకమే మిగిలింది.

దానికోసం ఆదివారం బాపిరాజు గారే పూతరేకుల పెట్టెతో ఏలూరు వచ్చారు. రిజ్వాన్ భార్య నజ్నీన్ టీ ఇచ్చింది.

"రెండో అంతస్తులో నైరుతి ఫ్లాటు మా అమ్మాయి భాగ్యశ్రీకండి," అన్నారాయన. "మీరు పరీక్ష చేశారన్న ధైర్యం. దాని పై ఫ్లాటులో మీరుండండి. పరీక్ష చేసినాయనే కాపురముంటున్నాడంటే ఇంక జనానికి అనుమానమేముంటుందండీ!"

నజ్నీన్ ముఖం వెలిగింది. వానొస్తే మూడుచోట్ల బకెట్లు పెట్టే ఇల్లు వాళ్ళది.

"నైరుతి మాకు పడదండి."

ఆ గొంతు తనదేనని పోల్చుకోవడానికి రిజ్వాన్‌కి కాస్త సమయం పట్టింది.

"మనకి వాస్తు ఎప్పట్నుంచండీ?" అంది నజ్నీన్.

నవ్వబోయిన బాపిరాజు గారు ఆగిపోయారు. గ్లాసు కింద పెట్టి, సంతకం లేని కాగితం వంకా, పెన్ను మూత తీస్తూ పెడుతున్న రిజ్వాన్ వంకా చూశారు.

"రిజ్వాన్ గారూ, మీరు ఉండరా అందులో?"

"ఉండనండి."

బాపిరాజు గారు ఫోను తీశారు. "ఒరే బుల్లిరాజూ, పొక్లెయిన్ నైరుతికి తిప్పరా. సారు గీసిన సున్నం గీత ఉంది చూడు, దాని మీదే. సిద్ధాంతి గారి చెవిన పడిందో, నీ పని చెప్తాను." లేచి, చెప్పులేసుకుంటూ అన్నారు, "రేపు పొద్దున్నే రండి. టిఫిను ఇంటి దగ్గరే చేసి రండి."

ఆయన వెళ్ళాక రిజ్వాన్ ఛాతీ కొంచెం పొంగింది. "చూశావా, మొహమ్మీదే చెప్పేశాను."

"చూశాను," అంది నజ్నీన్, పూతరేకు కాగితం విప్పుతూ. "భాగ్యశ్రీ ఉంటుందన్నప్పుడు టీ తాగుతున్నారు. మనం ఉండాలనేసరికి నోరొచ్చింది."