మోగని డబ్బా

మోండా మార్కెట్ వెనక సందులో గులాబ్ బీ దోసెల పిండి దుకాణం. పొద్దున్నే జనం గిన్నెలు పట్టుకుని వరస కడతారు. ఆమెకు తన పిండి కన్నా పెద్ద గర్వం ఇంకొకటుంది: గోడకు కూతురు షీబా బిగించిన తెల్ల డబ్బా. గ్రైండరు నుంచి కరెంటు లీకయితే అది ఎర్ర లైటు వెలిగించి కూత పెడుతుంది. "నా బిడ్డ చేసింది, కంపెనీది గాదు" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంది. కాకి పిల్ల కాకికి ముద్దు. కాకపోతే ఈ కాకి పిల్ల ఇంజినీరింగ్ చదివింది.

కొన్నాళ్లుగా గులాబ్ బీ వేళ్లు జుమ్మంటున్నాయి. షుగర్ వల్లేనని తనే తీర్మానించుకుని చాయ్‌లో చక్కెర మానేసింది. ఒకరోజు పొద్దున షీబా దుకాణంలో ఉండగా తల్లి చేతిలో గరిటె జారి పడింది. తీయబోయిన షీబా మోచేయి గ్రైండరు అంచుకు తగిలి జివ్వున షాకు కొట్టింది. గోడకేసి చూస్తే డబ్బా నిమ్మకు నీరెత్తినట్టు ఉంది.

షీబా ప్లగ్గు పీకేసింది. నా డబ్బా తప్పు అని అక్కడే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. వరసలో ఉన్న అందరి ముందూ నోరు పెగల్లేదు.

"మోటరు జెర సర్వీస్ చెయ్యాలె అమ్మీ. నేనొచ్చేదాకా నడపకు."

"గిరాకీ టైంల సర్వీసేందే? డబ్బ మోగలే గదా!"

"చెప్పిన గదా, నడపకు" అని షీబా బయటపడింది.

సీతాఫల్‌మండిలో వాళ్లింట్లో అలాంటి డబ్బాయే మరొకటి ఉంది. దాన్ని ఎప్పటిలాగే బల్బుతో పరీక్షించింది. బల్బు గుండా కావాలని కరెంటు లీక్ చేస్తే డబ్బా చెవులు చిల్లులు పడేలా కూసింది. ఈసారి బల్బు తీసేసి, అందులో పదో వంతు కరెంటు మాత్రమే వదిలే రెసిస్టర్ పెట్టింది. చప్పుడు లేదు.

డబ్బా విప్పి చూస్తే కారణం తెలిసింది. లీకును పసిగట్టే తీగచుట్ట ఇచ్చే వోల్టేజి బహు చిన్నది, పైకీ కిందికీ ఊగుతుంటుంది. దాన్ని ఒకే వైపుకు తిప్పడానికి పెట్టిన డయోడు, అర వోల్టు సుంకం కడితే తప్ప గేటు తియ్యదు. బల్బంత లీకు ఆ సుంకం కట్టగలిగింది. మనిషిని కొట్టే చిన్న లీకు గేటు బయటే ఆగిపోయింది. ఇన్నాళ్లూ పెద్ద దెబ్బతోనే పరీక్ష పెట్టి మురిసిపోయినందుకు తనను తాను తిట్టుకుంది.

డయోడును, చిన్న వోల్టేజిని పెంచే ఆప్‌యాంప్ చిప్పుతో జత కలిపితే ఆ సుంకం చిప్పే కట్టుకుంటుంది. అలాగే కట్టి చూస్తే డబ్బా ఒకసారి మూలిగింది, ఒకసారి ఊరుకుంది. దానికి అందేది ఫోన్ చార్జరు ఇచ్చే అయిదు వోల్టులే. సున్నాకు కింద చిప్పుకు చోటు లేదు, అందుకే కిందికి దిగిన సగం మొత్తం పోతోంది. అప్పుడు ఊగే వోల్టేజి మొత్తాన్నీ రెండున్నర వోల్టుల ఎత్తుకు లేపి, ఇదే నీ సున్నా అని చిప్పుకు చూపించింది. రెండు సగాలూ ఒకే వైపుకు తిరిగాయి. రెసిస్టర్ తగిలించగానే డబ్బా గట్టిగా కూసింది.

ఆ సంబరంలో తల్లికి ఫోన్ చేసింది. అవతల గ్రైండరు గర్రున తిరుగుతోంది.

"నడపొద్దన్న గదమ్మీ!"

"పరేషాన్ గాకు బేటా. డబ్బ దిక్కే చూస్తున్న, ఎర్ర లైట్ సుత లేదు. జెర ఆగు, పిండి తీసి మాట్లాడ్త..."

"చెయ్యి పెట్టకు!" షీబా అరిచింది. "ఆ డబ్బ తప్పు అమ్మీ! నేనే తప్పు చేసిన. పొద్దున్నే ఎరుకైంది, అందరి ముంగట సిగ్గయి చెప్పలే. నీ వేళ్లకు కొట్టేది కరెంటు, షుగర్ గాదు. చెయ్యి తుడుచుకొని మెయిన్ బంద్ చెయ్!"

గ్రైండరు ఇంకా తిరుగుతూనే ఉంది. ఎట్టకేలకు టక్కుమని స్విచ్చు పడింది, గర్రుమనే చప్పుడు ఆగిపోయింది. ఏమైందని వరసలో ఎవరో అడిగారు.

"నా చెయ్యి రోజూ చెప్పింది బేటా," అంది గులాబ్ బీ. "నీ డబ్బ మోగలే గదా అని, నేనే నా చేతిని నమ్మలే."