పిలిచినా వెళ్ళకూడని పరీక్ష

"టవల్!" అని బాత్రూంలోంచి కేక వచ్చేసరికి ఆమె బాల్కనీలో వంగి కుక్క పెంట ఎత్తుతోంది. టవలు పడగ్గది తలుపు వెనక కొక్కేనికి ఉంటుంది. పెళ్ళయిన నాటినుంచీ అక్కడే ఉంటోంది. స్నానానికి వెళ్తూ చెయ్యి చాపితే అందుతుంది. భర్త చాపడు, కేకేస్తాడు. ఆమె కవరు ముడేసి, చేతులు కడుక్కుని, టవలు అందించి వచ్చేలోపు బొగ్గు బాల్కనీ తలుపు గీరుతూ ఏడుపు మొదలుపెట్టింది.

నల్లగా ఉందని కుక్కకి బొగ్గు అని పేరు పెట్టింది ఆమె. తెచ్చింది మాత్రం అతనే. ఆమె ఒకప్పుడు పనిచేసిన ల్యాబ్ ఇన్‌ఛార్జి ఆమెకి ఫోన్ చేసి, "రక్తపరీక్షలకి మనుషులు దొరకడం లేదు, మళ్ళీ వస్తావా?" అని అడిగిన వారంలోనే అట్టపెట్టెలో కుక్కపిల్లతో దిగాడు. "అమ్మాయి హాస్టలుకి వెళ్ళాక పొద్దుపోవడం లేదన్నావుగా," అన్నాడు. ఆమె ఆ మాట అనలేదు. ఉద్యోగానికి వెళ్తానంది. ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపింది అతను. రాత్రిళ్ళు లేచిందీ, టీకాలకి మోసుకెళ్ళిందీ, సోఫా కింద తుడిచిందీ ఆమె.

కుక్క ఎదిగాక ఒక సంగతి తేలింది. ఆమె గడప దాటితే అది తట్టుకోలేదు. ఊళపెడుతుంది. కింది వాటాలో ఉండే ఆయనది రాత్రి డ్యూటీ, పగలే నిద్ర. ఆయన ఫిర్యాదు చేస్తే అపార్ట్‌మెంట్ కమిటీ తేల్చిచెప్పింది: కుక్కల యజమానుల క్లాసుకి వెళ్ళి పరీక్ష పాసవ్వండి, లేదా కుక్కని పంపించెయ్యండి.

"నువ్వింట్లో ఉంటే అది నోరెత్తదు," అన్నాడు భర్త. "ఉద్యోగానికి వెళ్తానంటావా, ఎవరికైనా ఇచ్చేద్దాం. ఉద్యోగమో కుక్కో, నువ్వే తేల్చుకో."

ఆదివారం వచ్చిన అత్తగారు నవ్వింది. "నోరులేని జీవానికి కూడా తెలుసమ్మా, నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లు కాదని."

అలాంటి మాటలకి మురిసిపోయిన రోజులు ఆమెకి ఉన్నాయి. ఈసారి పళ్ళెం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ఆమెకి ఉద్యోగమూ కావాలి, కుక్కా కావాలి.

క్లాసు ఒక స్కూలు ఆటస్థలంలో, సాయంత్రాలు. నడిపేది ఒకప్పటి డ్రిల్లు టీచరు. మెడలో విజిల్ ఇంకా అలాగే ఉంది. మొదటిరోజు భర్త కూడా వచ్చాడు. "రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు?" అని టీచరు అడిగితే భార్య వైపు చూశాడు. "వీధిలో తిప్పినప్పుడు పెంట ఎవరెత్తుతారు?" అంటే నవ్వేశాడు.

"పరీక్ష కుక్కకి కాదు సార్, మీకు," అంది టీచరు.

రెండోరోజు అతను రాలేదు. "ఆవిడ నన్ను బెంచీ ఎక్కించేలా ఉంది. నువ్వెళ్ళిరా."

ఆమె వెళ్ళింది. గొలుసు లాగకుండా నడిపించడం, ఎదురొచ్చేవాళ్ళ మీదికి దూకనివ్వకపోవడం, తింటున్నప్పుడు దాని జోలికి పోకపోవడం నేర్చుకుంది. ఆఖరి పాఠమే కష్టం. గొలుసు ఇంకొకరి చేతికిచ్చి, కుక్కకి కనబడకుండా గోడ చాటుకి వెళ్ళాలి. పిలిచేదాకా అది గోల చెయ్యకూడదు.

బొగ్గు కుయ్యిమనగానే ఆమె పరుగెత్తుకొచ్చేసింది.

"ఎందుకొచ్చావమ్మా?"

"ఏడుస్తోంది కదండీ."

"ఏడిస్తే వస్తావని నువ్వే నేర్పుతున్నావు. అది ఊరుకున్నాక రా. మొదట ఇలా వెళ్ళి అలా వచ్చెయ్. తర్వాత కొంచెం కొంచెం పెంచు."

నువ్వే నేర్పుతున్నావన్న మాట ఇంటిదాకా వెంటబడింది. టవలు, కళ్ళజోడు, ఛార్జరు, మంచినీళ్ళు. కేక వినబడితే చాలు, స్టవ్ తగ్గించి పరుగు. ఓసారి మడమ బెణికినప్పుడు కుంటుకుంటూ వెళ్ళి సాక్సులందించింది. అయితే అది కూడా తను నేర్పిందేనా? తిరిగి తిరిగి తప్పు తన దగ్గరికే వచ్చిందా? ఆమెకి ఒళ్ళు మండింది. మండాకే తేడా కనబడింది. బొగ్గు ఏడిచేది భయంతో. తలుపు మూసుకుని వెళ్ళిన మనిషి తిరిగొస్తుందో రాదో దానికి తెలియదు. అతనికి అన్నీ తెలుసు. టవలెక్కడుందో తెలుసు. తను వస్తుందనీ తెలుసు. కుక్కకి నేర్పడం తన బాధ్యత, ఎందుకంటే దాన్ని పెంచుతున్నది తను. అతన్ని పెంచే పని తనది కాదు.

మర్నాటి నుంచి సాధన మొదలైంది. చెప్పులు వేసుకునేది, విప్పేది. తాళం వేసేది, తీసేది. మెట్ల మీద నిలబడి చెవి రిక్కించేది.

"పిచ్చిపట్టిందా? లోపలికీ బయటికీ ఏమిటా తిరుగుడు?" అన్నాడు భర్త.

"హోంవర్కు."

ఒక పొద్దున బాత్రూంలోంచి కేక వచ్చింది. ఆమె కాఫీ తాగుతోంది. ఇంకో కేక. తర్వాత నీళ్ళు కారుకుంటూ అతనే వచ్చాడు.

"వినపళ్ళేదా?"

"వినపడింది."

మిగతా మాట కోసం అతను చూశాడు. ఆమె కాఫీ ఇంకో గుక్క తాగింది.

పరీక్షకి పశువుల డాక్టరు వచ్చాడు. సోమవారం నుంచి వస్తానని ఆమె ల్యాబ్‌కి అప్పటికే మాటిచ్చేసింది. గొలుసు డాక్టరు చేతికిచ్చి, బ్యాగు పక్కనున్న బెంచీ మీద పెట్టి, వెనక్కి చూడకుండా గోడ చాటుకి నడిచింది.

బ్యాగులో ఫోన్ మోగింది. భర్తకి వేరే మోత పెట్టుకుంది కాబట్టి ఎవరో తెలిసిపోయింది. ఆగి, మళ్ళీ మోగింది. బొగ్గు కుయ్యిమంది. ఆమె కాలు ముందుకి పడబోయింది. వీపు గోడకి ఆనించింది. ఇటుకలు వెచ్చగా ఉన్నాయి.

"మేడమ్, మీ ఫోనండీ!" అని అరిచారెవరో.

ఆమె కదల్లేదు. మోత దానంతటదే ఆగింది. బొగ్గు మళ్ళీ నోరెత్తలేదు.

"ఇక రావచ్చమ్మా," అన్నాడు డాక్టరు.

వెళ్ళి చూస్తే అది కూర్చునే ఉంది, తోకతో మట్టి ఊడుస్తూ. "ఫోన్ మోగగానే మీరే తప్పుతారనుకున్నాను," అన్నాడాయన. "ఇద్దరూ పాస్."

ఆమె దాని తల నిమిరి, భర్తకి ఫోన్ చేసింది.

"ఎన్నిసార్లు చెయ్యాలే? నా నీలం చొక్కా ఎక్కడ చచ్చింది?"

"బొగ్గు పాసైందండీ. సోమవారం నుంచి ల్యాబ్‌కి వెళ్తున్నాను."

"ముందు చొక్కా సంగతి చెప్పు. హలో? వింటున్నావా? ఏమే!"

గోల సద్దుమణిగేదాకా ఓపిగ్గా నిలబడటం ఆమె నేర్చుకున్నది బొగ్గు కోసం, అతని కోసం కాదు. ఫోన్ పెట్టేసింది. గొలుసు వదులుగా పట్టుకుని, ఇంటికి చుట్టుదారిన బయల్దేరింది.