నాలుగు గుండీలు

నా మనవరాలికి తొమ్మిదేళ్ళు. ఏ పనైనా మెల్లగా చేస్తుంది కాబట్టి నిదానమ్మా అని పిలుస్తాను. మాటలు తక్కువ. ఆ విషయంలో అచ్చం నా పోలికే అంటుంది కోడలు.

సర్కారు బడిలో ఇలాంటి పిల్లలకు వేరే గది, వేరే టీచరమ్మ ఉన్నారు. టీచరమ్మకు ప్రభుత్వం జీతం ఇవ్వాలంటే గదిలో ఆరుగురు ఉండాలి. ఆరుగురికీ లోపం సగానికి తగ్గకుండా ఉందని డాక్టరు రాసివ్వాలి. మా బడిలో సరిగ్గా ఆరుగురే. ఒక్క పేరు కొట్టేస్తే గదికి తాళం, టీచరమ్మకు బదిలీ.

ఆ కాగితం మూడేళ్ళకోసారి కొత్తది తేవాలి. ఈసారి మా వంతు వచ్చింది.

వారం ముందే కోడలు పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"డాక్టరుగారు గుండీలు పెట్టమంటారు. నువ్వు చేతులు వెనక్కి పెట్టుకో. అంతే. పెట్టావో, టీచరమ్మ వెళ్ళిపోతుంది."

గుండీ పెట్టడానికి దానికి రెండేళ్ళు పట్టింది. టీచరమ్మ దాని వేళ్ళు పట్టుకుని మొదట పెద్ద చెక్క గుండీ, తర్వాత కోటు గుండీ, ఆఖరికి చొక్కా గుండీ నేర్పింది. ఇప్పుడు రానట్టు ఉండటం నేర్చుకోవాలి. అది రెండు రోజుల్లోనే వచ్చేసింది.

"మీరేమంటారు మావయ్యా?"

"ఏమీ అనను."

"ఎప్పుడన్నారు గనక!"

నలభై ఏళ్ళు తాపీ పని చేశాను. మూడో తరగతి దాటలేదు. మాటలతో నెగ్గినవాణ్ణి కాదు. ఆసుపత్రికి మాత్రం తోడు వెళ్ళాను.

డాక్టరు కుర్రవాడే. బల్లమీద చెక్క చట్రం, దానికి గుడ్డ, గుడ్డకు నాలుగు గుండీలు. అతని ముందున్న కాగితంలో రెండు గళ్ళు. వస్తుంది, రాదు.

"ఏదీ, పెట్టమ్మా."

పిల్ల తల్లి వైపు చూసింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. వెనకాల వేళ్ళు మాత్రం ఊరుకోవడం లేదు. గౌను అంచు పట్టుకుని, లేని గుండీని లేని కన్నంలో దూరుస్తున్నాయి. నేను వెనక కుర్చీలో ఉన్నాను కాబట్టి నాకే కనబడింది.

డాక్టరు "రాదు" గడిమీద పెన్ను ఆనించాడు.

"ఆగండి బాబూ," అన్నాను. "దానికి వచ్చు."

కోడలు గిర్రున తిరిగింది. "మావయ్యా!"

"నిదానమ్మా, చూపించు."

మొదటి గుండీకే ముక్కుమీద చెమట పట్టింది. మూడోది జారిపోతే మళ్ళీ మొదలుపెట్టింది. బయట వరుసలో వాళ్ళు రెండుసార్లు తలుపు తట్టారు. నాలుగూ పెట్టేసరికి గోడ గడియారంలో పదకొండు నిమిషాలు గడిచాయి.

"భేష్," అన్నాడు డాక్టరు. "కానీ పెద్దాయనా, ఇక 'వస్తుంది' అనే రాయాలి. లోపం సగంకన్నా తగ్గిపోతుంది. తెలుసుగా?"

"తెలుసు."

"తెలిసే కొంప ముంచారా!" కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాబూ, స్లాబు పోసిన రెండోనాడు పైన నడవొచ్చు. గట్టిగానే ఉంటుంది. అలాగని కింద ఊతంగా పెట్టిన కర్రలు లాగేస్తామా? మూడు వారాలు ఉంచుతాం. దీని గుండీల కింద కర్ర టీచరమ్మే. పోయిన సెలవుల్లో నెలన్నర బడి లేకపోతే రెండు గుండీలు మరిచిపోయింది. అది రాయండి. పదకొండు నిమిషాలు పట్టిందనీ రాయండి."

"దానికి గడి లేదు."

"పక్కన జాగా ఉందిగా."

డాక్టరు అంచులో నాలుగు వరుసలు రాశాడు. "పై ఆఫీసులో ఒప్పుకోకపోతే నన్ననొద్దు," అన్నాడు.

ఒప్పుకోలేదు. "అంచులో ఈ చీమల బారు ఏంటి తాతా? చెల్లదు," అన్నాడు గుమాస్తా.

"చెల్లాలంటే?"

"ముగ్గురు డాక్టర్లు కలిసి చూడాలి. అర్జీ పెట్టుకోవాలి. ఇంతవరకు ఎవరూ పెట్టలేదు."

కాగితం అడిగి అక్కడే బెంచీమీద కూర్చున్నాను. అయిదు వరుసల అర్జీ రాయడానికి గంట పట్టింది.

"అన్నీ తప్పులే," అన్నాడు గుమాస్తా.

"అర్థమైందా?"

"అయింది."

"అయితే తీసుకోండి."

మూడు రోజులు కోడలు నాతో మాట్లాడలేదు. కంచం మాత్రం ఠంగుమనేలా పెట్టేది. బడి గేటు దగ్గర ఆ గదిలోనే చదివే ఇంకో పిల్లాడి తల్లి నన్ను పట్టుకుంది. "మీ నిజాయితీ మీ ఇంట్లో పెట్టుకోండి తాతా. మా పిల్లలేం చేశారు?" ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. తల వంచుకుని వచ్చేశాను.

నాలుగోనాడు కోడలు ఒక లావుపాటి నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. టీచరమ్మది.

"సెలవుల తర్వాత ఏ పిల్ల ఏం మరిచిపోయిందో తేదీలతో ఉంది. ఆరుగురిదీ ఉంది. డాక్టర్ల ముందు మీ కర్రల మాట నేను చెబుతాను. మీరు మళ్ళీ అయిదేళ్ళదాకా నోరు తెరవరు."

నెల తర్వాత ముగ్గురు డాక్టర్లు కూర్చున్నారు. పిల్ల గుండీలు పెట్టింది. బూటు తాడు ముడి వేయమన్నారు. రాలేదు. నిజంగానే రాదు. కోడలు పుస్తకం తెరిచి ఒక్కో తేదీ చదివింది. వాళ్ళు చాలాసేపు గుసగుసలాడుకున్నారు.

"ఒక్క ఏడాదికి ఇస్తున్నాం," అంది పెద్ద డాక్టరమ్మ. "గది ఉంటుంది. ఏడాది తిరగ్గానే మళ్ళీ తీసుకురావాలి. అప్పటికి ఇంకా బాగా చేస్తే మాకూ కష్టమే, చెబుతున్నాను."

"తెస్తామండీ," అంది కోడలు. "వచ్చినవన్నీ చూపిస్తాం. పుస్తకమూ తెస్తాం."

నేను మాట్లాడాల్సిన అవసరం రాలేదు.