గుమ్మి అడుగు

పరమేశ్ కళ్ళు తెరిచి ఇంత అన్నం పెట్టమని అడిగిన రోజునే నవనీతకు అసలు భయం పట్టుకుంది.

అంతకు ముందు భయపడలేదని కాదు. తాండూరు కందుల గోదాములో హమాలీ పని చేసే మనిషి, ఎంతటి బస్తానైనా అవలీలగా భుజానికెత్తుకునేవాడు. అలాంటివాడు ఒక రోజు దూపైతుంది, దూపైతుంది అంటూ నీళ్ళ బిందె ఖాళీ చేసి పడుకున్నాడు. తెల్లారేసరికి జ్వరం. తర్వాత కళ్ళు ఎర్రబడ్డాయి, చిగుళ్ళ నుంచి రక్తం కారింది, మూత్రం ఆగిపోయింది. డెంగీ అన్నారు, కాదన్నారు. ఎలుక జ్వరం అన్నారు, అదీ కాదన్నారు. వికారాబాద్ ఆసుపత్రిలో కిడ్నీలకు మెషీను పెట్టి, రక్తాన్ని హైదరాబాదు ల్యాబుకు పంపితే తేలింది. ఇది కూడా ఎలుకల నుంచి వచ్చేదేనట, కానీ వైరస్. ఎలుకల మూత్రం, పెంటికలు ఎండి దుమ్ములో కలిస్తే, ఆ దుమ్ము ముక్కులోకి పోయి పట్టుకుంటుందట.

ఎలుకలంటే గోదామే కదా! ఊరంతా అదే మాట. నవనీత కూడా అదే అనుకుంది. గోదాము దుమ్ము మొగుడి బట్టల మీద యాలాల్‌లోని తమ ఇంటికి వచ్చే ఉంటుందని హడలిపోయి, ఏడేళ్ళ కూతురు అంబికను ఆ రోజే బస్సెక్కించి, కుల్కచర్ల దగ్గర పల్లెలో ఉన్న తల్లి రామమ్మ దగ్గర దింపి వచ్చింది. పిల్ల చల్లగా ఉందన్న ఒక్క ధైర్యంతోనే ఆసుపత్రి వరండాలో అన్ని రోజులూ నెట్టుకొచ్చింది.

పరమేశ్ అన్నం మెతుకులు మింగుతుండగా రెబెక్క వచ్చింది. ఆ ల్యాబు మనిషే. పుట్టింది మాత్రం తాండూరు పక్కనే, కూలి పనులు చేసుకునే ఇంట్లో. మొన్న వానలప్పుడు జీపులో తిరిగి గోదాముల్లోనూ ఊళ్ళలోనూ రేకు బోనులు పెట్టింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం గానీ, జీపేసుకొచ్చి ఎలుకను పట్టే చోద్యం ఇప్పుడే చూస్తున్నామని జనం నవ్వారు. నవ్వినవాళ్ళలో నవనీత కూడా ఉంది.

"అక్కా, అన్న గోదాంల కాకుండ ఇంకెక్కడన్న పనిచేసిండా?" అని అడిగింది రెబెక్క.

"ఎక్కడ చేస్తడు మేడం? గోదాం, ఇల్లు. గంతే."

"జర యాదికి తెచ్చుకో. అన్నకు తగిలింది తాండూరు ఎలుకలది కాదు."

నవనీతకు ఒళ్ళు మండింది. "ఎలుకలల్ల గూడ తాండూరియి, వికారాబాదుయి ఉంటయా?"

"ఎలుకలు ఒక్క తీరే ఉంటయి. వాటి లోపటి వైరస్సే జాగకో తీరుగ మారుకుంట వస్తది. మీ నాయినకు గొర్ల మంద ఉందన్నవ్ కద? తప్పిపోయిన గొర్రె ఎవలదని ఎట్ల చెప్తరు?"

"చెవి కోత జూసి. మా నాయిన మందకు కుడి చెవికి రెండు గాట్లు."

"గట్లనే అక్కా. అన్న రక్తంల దొరికినదాని కోత తాండూరుది కాదు, యాలాల్‌ది కాదు. గా కోత మేం పట్టిన ఎలుకలల్ల ఒక్క దిక్కే దొరికింది. కుల్కచర్ల దిక్కు."

మంచం మీది నుంచి పరమేశే నీరసంగా అన్నాడు: "అత్తమ్మోళ్ళ గుమ్మి."

నిజమే. జ్వరానికి ముందు, పప్పు విసరడానికి పాత కందులు కావాలని అత్తగారింటికి వెళ్ళాడు. ఆ ఇంట్లో గుమ్మి ఉంది. వెదురుతో అల్లి పేడతో అలికిన నిలువెత్తు గంప. అడుగున మిగిలిన కందుల కోసం నడుము దాకా అందులోకి వంగి, తుమ్ముకుంటూ చేతికి అందినన్ని తోడాడు. అడుగున ఎలుకలు కాపురం పెట్టాయని నవ్వుతూ చెప్పాడు కూడా. అత్తగారింట్లో అల్లుడు చేసింది పని అని ఎవరికి గుర్తుంటుంది?

"మేడం, నా బిడ్డ గాడనే ఉంది," అంది నవనీత.

అన్నాక ఇంకోటి గుర్తొచ్చింది. ఇప్పుడు కొత్త కందులు ఇంటికొచ్చే రోజులు. కొత్తవి పోసే ముందు గుమ్మిని లోపల ఊడ్చి అలకాలి. పెద్దవాళ్ళు పైనుంచి ఎంత వంగినా అడుగుకు చీపురు అందదు. అందుకని చిన్నపిల్లను లోపలికి దింపుతారు. నవనీత చిన్నప్పుడు ఆ పని తనదే. లోపల పాడితే గొంతు గమ్మత్తుగా మోగేది.

తల్లికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. రామమ్మ ఫోను గూట్లో ఉంటుంది, రామమ్మ వాకిట్లో ఉంటుంది. ఆ రెండింటికీ ఎప్పుడూ పొంతన కుదరదు.

ఇద్దరూ రెబెక్క జీపులో బయలుదేరారు; పరిగి దాటేదాకా నవనీత ఫోను చేస్తూనే ఉంది. గోదాముకు భయపడి పారిపోయి, తన చేతులతో తానే బిడ్డను పులినోట్లో పెట్టింది. నవనీతకు ఏడుపు కూడా రాలేదు. ఆమెకు అంత భయంగా ఉంది.

"అందరికి తగలదు అక్కా. తగిలినా, తొందరగ పట్టుకుంటే బతుకుతరు. అన్న బతుకలేదా?" అంది రెబెక్క.

వాకిట్లో రామమ్మ పేడ, ఎర్రమట్టి కలుపుతోంది. జీపును చూసి గాబరాగా లేచింది.

"ఏమైంది బిడ్డా? అల్లుడు మంచిగున్నడా?"

"అంబిక ఏదే అమ్మా?"

రామమ్మ చెప్పనక్కర్లేకపోయింది. ఇంట్లో గుమ్మి లోపల పాట మోగుతోంది. దర్వాజాలోంచి పడుతున్న ఎండలో, గుమ్మి మూతి మీద దుమ్ము పొగలా లేస్తోంది.

"ఆగు అక్కా, మాస్కు పెట్టుకో!" అని రెబెక్క అరుస్తూనే ఉంది. నవనీత అప్పటికే గుమ్మిలోకి వంగి, కూతురి రెండు చేతులూ పట్టి పైకి లాగేసింది. పిల్ల జుట్టంతా దుమ్ము, చేతిలో పొట్టి చీపురు.

"అమ్మా! నాలుగు దినాల సంది నేనే ఊడుస్తున్న. ఎలుక గూడు గూడ నేనే తీసేసిన!"

"అచ్చం నీ లెక్కనే, పనిమంతురాలు," అంది రామమ్మ మురిసిపోతూ.

నవనీత పిల్లను వాకిట్లోకి ఎత్తుకొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా తగిలింది. చెంపకు చెంప ఆనించి చూసింది. పిల్ల ఒళ్ళే వెచ్చగా ఉందో, తన ఒళ్ళే చల్లబడిపోయిందో తెలియలేదు.

"జ్వరం గిట్ల ఉన్నదా బిడ్డా? ఏమన్న నొస్తుందా?"

"ఏం లేదమ్మా," అంది అంబిక తల్లి మెడ చుట్టూ చేతులు వేసి. "దూపైతుంది."

దుమ్ములో ఆడిన పిల్లకు దూప కాదా మరి అనుకుంటూ రామమ్మ చెంబు తెచ్చిచ్చింది. అంబిక గటగటా తాగేసి, ఖాళీ చెంబు మళ్ళీ తల్లి ముందుకు చాపింది.