పెద్దల్లుడి అంచనా

తోడల్లుళ్లిద్దరూ ఒకే బ్యాంకులో, ఒకే గదిలో పనిచేయడమంత చిక్కు మరొకటి లేదు. మూడు నెలలకోసారి బ్యాంకుకు రాబోయే లాభాన్ని అంచనా కట్టి బోర్డుకు పంపడం ఏళ్ల తరబడి పెద్దల్లుడి పని. తర్వాత చిన్నల్లుడు వచ్చి న్యూరల్ నెట్‌వర్క్ అనే ప్రోగ్రాం ఒకటి తయారుచేశాడు. పాత లెక్కలన్నీ మేపితే వాటి పోకడలు తనే పట్టుకుని రాబోయే లాభం చెబుతుందది. చెప్పింది కూడా. వరసగా రెండుసార్లు పెద్దల్లుడికన్నా దగ్గరగా చెప్పింది.

ఇంకేముంది, పెద్దల్లుడికి కడుపు మండిపోయింది. పోనీ ఆఫీసుతో ఆగిందా? అత్తగారింట్లో భోజనాల దగ్గరా అదే గోల. "మా చిన్నల్లుడు మిషన్‌కే చదువు చెప్పాడు" అంటూ అత్తగారు అతనికి మారు వడ్డించింది. పెద్దల్లుడి కంచం ఖాళీ అయిన సంగతి చూడనే లేదు. కట్టుకున్న భార్య కూడా, "మరిదిగారిని అడిగి మీరూ నేర్చుకోకూడదూ" అంది.

ఈసారి చైర్మన్ తేల్చేశాడు. ఎవరి అంచనా దగ్గరగా వస్తే ఇకమీదట వాళ్లదే బోర్డుకు వెళ్తుంది, రెండోవాళ్లు వేరే సెక్షన్ చూసుకోవాలి.

లాభం తగ్గుతుందని పెద్దల్లుడికి గట్టిగానే అనిపించింది. బ్యాంకు అప్పులిచ్చిన బజారులో కొట్లు మధ్యాహ్నానికే షట్టర్లు దించేస్తున్నాయి. కొత్త అప్పు అడిగే నాథుడు లేడు. అదే రాయబోతూ, చిన్నల్లుడు భోజనానికి లేవగానే అతని స్క్రీన్ వైపు ఓరగా చూశాడు. లాభం కాస్త పెరుగుతుందని ఉందక్కడ. మళ్లీ అదే నెగ్గితే అత్తగారింటి గడప ఎలా తొక్కడం? తనూ పెరుగుతుందనే రాసేశాడు, మిషన్‌కన్నా ఓ పిసరు ఎక్కువే. ఎప్పట్లాగే ఆ కాగితం చిన్నల్లుడి చేతికే ఇచ్చాడు, రెండూ కలిపి పైకి పంపేది అతనే.

తీరా చూస్తే లాభం ఘోరంగా పడిపోయింది. చైర్మన్ గదిలో ఇద్దరూ తల దించుకుని నిలబడ్డారు. తను ఓడితే ఓడాడు, వాడు గెలవలేదు కదా అని పెద్దల్లుడికి లోలోపల చల్లగానే ఉంది.

"నీ మిషన్ కూడా బోల్తా కొట్టిందేమయ్యా?" అన్నాడు చైర్మన్.

"దాని తప్పేం లేదు సార్," అన్నాడు చిన్నల్లుడు. "అన్నయ్య పాత అంచనాలన్నీ అందులో వేశాను. బ్యాలెన్స్ షీట్లకన్నా అది ఆయన మాటే ఎక్కువ నమ్ముతుంది. ఆయన ఈసారి అంచనాను అందులో వెయ్యకముందు స్క్రీన్ మీద వచ్చేది ఉత్త చిత్తు లెక్క. ఆయనది వేశాకే అసలు అంచనా వస్తుంది. ఆయన తగ్గుతుందంటే అదీ తగ్గించేసేదే." తర్వాత పెద్దల్లుడి వైపు తిరిగాడు. "ఈ సంగతి చెబితే మీ అంచనా నా చేతికివ్వడం మానేస్తారని భయపడ్డాను అన్నయ్యా."

చైర్మన్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే నమ్మాల్సింది ఈయన చూపునే," అని పెద్దల్లుడి వైపు తిరిగాడు. "ఇకమీదట బోర్డుకు వెళ్లేది మీ అంచనానే. ఒక్కసారి తప్పితే తప్పింది. ఇంతకీ పెరుగుతుందని ఏం చూసి అన్నారు?"

వడ్డీ రేట్లు అనొచ్చు, డిపాజిట్లు అనొచ్చు. రెండూ నోటిదాకా వచ్చాయి. పక్కన చిన్నల్లుడు, ఏదో నేర్చుకుందామన్నట్టు చెవులు రిక్కించి నిలబడ్డాడు.

"మా తమ్ముడి స్క్రీన్ చూసి సార్," అన్నాడు పెద్దల్లుడు.