నాగమణి చేతిలో పొట్లం

ఆదివారం పొద్దున ఏడింటికల్లా కొండాపూర్ బడి వరండాలో పులిహోర ఆరబోసేవారు. ఉతికిన తెల్లచీర పరిచి, దాని మీద అన్నం పోసి, చల్లారేదాకా విసనకర్రలతో విసిరేవారు. వేడి మీద కడితే మధ్యాహ్నానికి పాసిపోతుందని పార్వతమ్మ టీచరు పట్టుదల. రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడి, రిటైరైన మనిషి ఆమె. ఆమె మాట మీద వీధిలోని పదిపన్నెండు మంది ఆడవాళ్ళు వచ్చి పొట్లాలు కట్టేవారు.

అది తొంభై ఎనిమిది వానాకాలం. హైటెక్ సిటీ చుట్టూ లేస్తున్న భవనాల పనులు వానలకు ఆగిపోయాయి. పని లేని రోజు కూలి లేదు. బడి వెనక గుడిసెల్లో రోజు విడిచి రోజు పొయ్యి వెలిగేది. ఆ గుడిసెల వాళ్ళే తొమ్మిదింటికి వచ్చి వరండా ముందు వరుస కట్టేవారు.

దారం కట్టిన పొట్లం ఆకలితో ఉన్న మనిషి చేతిలో పడితే పొగలు వచ్చేవి. కడుపు నిండిన చేతిలో చల్లగా ఉండేది. చింతపండు ఎందుకు పుల్లగా ఉంటుందని ఎవరూ అడగనట్టే దీన్నీ ఎవరూ అడగలేదు.

నాగమణి ఎప్పుడూ గరిటె పట్టుకునేది. ఆకులో అన్నం పెట్టి పక్కకు జరిపేది. కట్టిన పొట్లం మాత్రం ముట్టుకునేది కాదు. ఆమె భర్త రాజేందర్ పనిచేసే జీడిమెట్ల ఫ్యాక్టరీకి తాళం పడి నాలుగు నెలలైంది. ఈ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. ఆయన రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి వెళ్ళి, హఫీజ్‌పేట్ స్టేషన్ బెంచీ మీద పొద్దు గడిపి వచ్చేవాడు. ఇంట్లో ఒక పూట గంజి, ఒక పూట మంచినీళ్ళు.

మూడు వారాల కింద వరుసలో ఈరమ్మ అనే ముసలామె రెండు పొట్లాలు అడిగింది. పాలమూరు వైపు నుంచి వచ్చిన కూలి మనిషి. గుడిసెలో కోడలు బాలింత, లేచి రాలేదని చెప్పింది. ఆమె చేతిలోని పొట్లంలోంచి పొగలు రాలేదు.

"చల్లగనే ఉంది గదా! కడుపు నిండినోళ్ళు గూడ చెయ్యి చాపుతున్నరు," అంది నాగమణి, అందరికీ వినబడేటట్టు.

ఈరమ్మ చేతిలోని ఆ ఒక్కటి కూడా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాగమణికి తెలుసు. తాను చాపలేని చెయ్యిని ఇంకొకరు అంత సులువుగా చాపడం ఆమె ఓర్చుకోలేకపోయింది. ఆ రాత్రి నుంచి ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఈ ఆదివారం దారం కట్టే సంధ్య జ్వరంతో రాలేదు.

"నాగమణీ, నువ్వు కట్టమ్మా. గరిటె నేను చూసుకుంటాను," అంది పార్వతమ్మ.

కాదనడానికి సాకు దొరకలేదు. నాగమణి మొదటి పొట్లానికి దారం చుట్టి ముడి వేసింది. ముడి పడగానే ఆకు అంచుల్లోంచి పొగ లేచింది. పొట్లాన్ని గబుక్కున బల్ల మీద పెట్టబోయింది. పొగ ఆమె ముఖం దాకా వచ్చింది. విసనకర్రలు ఆగాయి. చల్లారిన పులిహోర అని అక్కడున్న అందరికీ తెలుసు.

అప్పుడు బల్లకు అవతల నుంచి ఒక నల్లటి ఎండిన చెయ్యి వచ్చి ఆ పొట్లం కింద ఆనింది. ఈరమ్మ. మూడు వారాల తర్వాత ఆ రోజే వచ్చి వరుసలో ముందు నిలబడింది.

"ఆకలి నాదమ్మా. నిన్న పొద్దుగాల నుంచి తినలే. ఆగలేక చెయ్యి పెట్టిన," అంది.

"అలా తొందరపడితే ఎలాగమ్మా? పంచడం మొదలవనీ," అంది పార్వతమ్మ. వెనక ఎవరో నవ్వారు. విసనకర్రలు మళ్ళీ కదిలాయి.

ఈరమ్మ తల వంచుకుని ఆ పొట్లం కొంగు చాటున పెట్టుకుని వెళ్ళింది. నాగమణి నోరు తెరవలేదు. ఇల్లు గుర్తొచ్చింది, వీధి గుర్తొచ్చింది, రాజేందర్ ఇస్త్రీ చొక్కా గుర్తొచ్చింది. తల నొప్పిగా ఉందని చెప్పి ఇంకో పొట్లం కట్టకుండా దిగిపోయింది.

ఇంటికి పోదామనుకున్న కాళ్ళు గుడిసెల వైపు నడిచాయి. ఈరమ్మ గడపలో కూర్చుని ఉంది. పక్కన కోడలు రేణుక, ఒళ్ళో నెలరోజుల పాప. ఈరమ్మ చేతిలో పొట్లం పొగలు లేకుండా, విప్పకుండానే ఉంది.

"వస్తవని తెలుసు," అంది ఈరమ్మ. "కూసో. తిను."

"బాలింతకు పెట్టు పెద్దమ్మా. నాకొద్దు."

"నేను తిన్న అక్కా," అంది రేణుక. ఈరమ్మ పొట్లం తీసి కోడలి చేతిలో పెట్టింది. ఆకు మీదుగా పొగ లేచింది. రేణుక సిగ్గుతో ముఖం తిప్పుకుంది.

"ఇది అబద్ధమాడనియ్యదు బిడ్డా. ఇద్దరూ తినుండ్రి," అంది ఈరమ్మ.

ఒకే ఆకులో ఇద్దరూ తిన్నారు. నాలుగో ముద్ద దగ్గర నాగమణి చెయ్యి ఆపింది.

"ఆ దినం నిన్ను అనరాని మాటన్న పెద్దమ్మా."

"అన్నవు. మర్సిపోలే," అంది ఈరమ్మ. "అయినా నలుగురిల నిన్ను గట్ల సూడబుద్ధి గాలే. తిను."

ఆకు ఖాళీ అయ్యాక ఈరమ్మే అడిగింది.

"నీ ఇంటాయన ఏం పని జేస్తడు?"

నాలుగు నెలలుగా ఎవరికీ చెప్పనిది నాగమణి అక్కడ చెప్పింది. ఫ్యాక్టరీలో మోటార్లు చూసేవాడనీ, తాళం పడిందనీ, ఇప్పుడు స్టేషన్‌లో కూర్చుంటున్నాడనీ.

"పిచ్చిదానా, ముందుగాల చెప్పొద్దా! ఇసుక పైకి గుంజే మోటరు కరాబైందని మా మేస్త్రి పరేషాన్ అయితుండు. వాన ఆగినా అది నడిస్తేనే మాకు గూడ పని. రేపు తోల్కరా."

సోమవారం రాజేందర్ ఇస్త్రీ చొక్కా విప్పి పాత బనీనుతో వెళ్ళాడు. బుధవారం వాన తెరిపిచ్చింది, మోటారు నడిచింది. గురువారం నుంచి గుడిసెల్లో సగం మందికి పని దొరికింది. రాజేందర్‌ను అక్కడే ఉండిపొమ్మన్నారు.

ఆ తర్వాతి ఆదివారం వరుస చిన్నదైంది. జ్వరం తగ్గిన సంధ్య దారంతో సిద్ధంగా ఉంది. ఒంట్లో ఇంకా ఓపిక లేని కోడలి కోసం ఈరమ్మ ఈసారీ వచ్చి నిలబడింది. నాగమణి గరిటె పక్కన పెట్టి వరండా మెట్టు మీదికి వచ్చింది. ముఖం అంతా కాలిపోతున్నట్టుంది.

"పోయిన ఆదివారం పొగ వచ్చింది నా చేతుల. ఆకలి నాది. ఈరమ్మ తన మీద ఏసుకున్నది. మీరు నవ్విండ్రు, నేను సూసుకుంట నిలబడ్డ."

పార్వతమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. సంధ్య దారం ఉండ వైపు చూస్తూ ఉండిపోయింది.

ఈరమ్మే గొంతు సవరించుకుంది.

"చెప్పినవు గదా బిడ్డా. ఇగ జర తొందరగ కానీయి, వెనక పిల్లలున్నరు."

నాగమణి మెట్టు మీంచి బల్ల దగ్గరికి వచ్చింది. చీరకొంగు నడుముకు దోపి, ఆకు తీసి పరిచింది.