నల్ల చాప మీద కవరు

ఆటోనగర్లో లారీల బాడీలు కట్టే షెడ్ల మధ్య, సుత్తుల మోతకి పక్కమనిషి మాట వినపడని చోట, లక్ష్మీకాంత్ గారిది చిన్న ఏసీ గది ఒకటుండేది. ఎస్టీడీ బూతుల్లో మనం మాట్లాడినంతసేపూ ఎర్రటి అంకెలు పరిగెత్తించే మీటర్లుండేవి కదా, వాటి లోపలి బోర్డులు ఆ గదిలోనే తయారయ్యేవి. సామాను హైదరాబాదు కంపెనీ పంపేది. ఇక్కడి ఆడవాళ్ళు బోర్డు మీద ఒక్కో ముక్కా గుచ్చి, సోల్డరింగు చేసి తిరిగి పంపేవాళ్ళు. వాళ్ళందరికీ పెద్ద ముబీనా. వయసులో ఆమే చిన్నది గాని, చేతి నేర్పులో ఆమె తర్వాతే ఎవరైనా.

ఆ ఏడు చలికాలంలో వాళ్ళకి పెద్ద చిక్కొచ్చిపడింది. బోర్డులు చచ్చిపోతున్నాయి. కొన్ని ఇక్కడే వెలగడం లేదు, కొన్ని హైదరాబాదు చేరేలోపు ఆరిపోతున్నాయి. “మీ వాళ్ళకి పని రాదు” అంటోంది కంపెనీ.

ముబీనాకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ట్రైనింగుకని హైదరాబాదు వెళ్ళినప్పుడు అక్కడ నేలంతా నల్లటి రబ్బరు చాప పరిచి ఉండటం ఆమె చూసింది. ఎందుకని అడిగితే వాళ్ళు వివరంగానే చెప్పారు. నడిచినప్పుడూ, నైలాను చీర కుర్చీకి రాసుకున్నప్పుడూ ఒంట్లో కంటికి కనపడని కరెంటు పోగవుతుంది. మనకైతే వేలి చివర చురుక్కుమంటుంది, అంతే. బోర్డు మీది ఐసీ చిప్పుకి మాత్రం ప్రాణం పోతుంది. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అది మరీ ఎక్కువ.

ఎప్పుడూ తల వంచుకుని పనిచేసుకునే ముబీనా ఆరోజు లక్ష్మీకాంత్ గారి టేబులు ముందుకెళ్ళి నిలబడింది.

“ఆ చాప తెప్పించండి సార్. అప్పటికీ బోర్డులు పోతే నన్ను మాన్పించెయ్యండి.”

ఆయన సరేనన్నాడు.

చాప వచ్చింది. దాని మూల నుంచి ఒక పచ్చ వైరు గోడవారగా బయటికెళ్ళి, ఉప్పూ బొగ్గూ వేసిన ఎర్తు గుంటలో కలిసింది. ఆ వైరు చూసి, ముబీనా పక్కన కూర్చుని ముక్కలు గుచ్చే తెరేసమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“కరెంటు వైరున్న చాపమీద కాళ్ళు పెట్టమంటావేంటే తల్లీ! నేను పోతే మా ఆయనకి రెండో పెళ్ళి నువ్వు చేస్తావా?”

“ఆయన్నెవరు చేసుకుంటారక్కా, నీకే గతిలేక గాని!” అంది ముబీనా. అందరూ ఘొల్లుమన్నారు. “ఇది కరెంటు తెచ్చే వైరు కాదు, మన ఒంట్లోది పట్టుకుపోయే వైరు. ఇదుగో, వైరుకున్న ఈ బొడిపె చూడు. మిషన్లో ఎక్కడన్నా కరెంటు లీకైనా, మన ఒంటిమీదుగా జోరుగా పారకుండా అడ్డుపడుతుందిది. మనకోసమే పెట్టారు.”

చెప్పులు విప్పి తనే ముందు ఆ చాప మీద నిలబడింది. ఏమీ కాలేదు. ఆమె వెనకాలే ఒక్కొక్కళ్ళూ ఎక్కారు. గచ్చు మీద నిలబడి నిలబడి పట్టేసిన పిక్కలకి ఆ మెత్తదనం హాయిగా తగిలింది. “ఇంటిక్కూడా ఒక ముక్క కోసుకుపోతానే” అంది తెరేసమ్మ.

ఆ తర్వాత తయారైన బోర్డులన్నీ చక్కగా వెలిగాయి. కాని కంపెనీకి నమ్మకం కుదరలేదు. సంజీవరావు గారనే ఇంజనీరు స్వయంగా వస్తున్నాడనీ, పని నచ్చకపోతే సామానంతా తిరిగి తీసుకుపోవడానికి వ్యానుతో సహా వస్తున్నాడనీ కబురొచ్చింది.

ఆయన వచ్చే రోజు పొద్దున్న ముబీనా తలుపు తీసేసరికి గది తళతళలాడిపోతోంది. లక్ష్మీకాంత్ గారి తల్లి ఛాయాదేవి గారు అందరికంటే ముందే వచ్చి, చాపకి పసుపు బొట్లు పెట్టి, దాని నిండుగా దళసరి ప్లాస్టిక్ కవరు పరిచి కూర్చున్నారు.

“కొత్త చాప కదే అమ్మాయ్! వచ్చినాయన మట్టి కాళ్ళతో తొక్కితే ఏం బాగుంటుంది? గవర్నరుపేటలో బేరమాడి తెచ్చాను.”

“మంచిపని చేశారు పెద్దమ్మగారూ” అంది ముబీనా మనస్ఫూర్తిగా. వాళ్ళింట్లో టేపురికార్డరుకి కొన్నప్పటి కవరు ఇంకా అలాగే ఉంది. కొత్త వస్తువు మీద కవరు తీసేవాళ్ళని ఆమె ఇంతవరకూ చూడలేదు.

సంజీవరావు గారు వచ్చాడు. మంచి మనిషే గాని మొహమాటం లేదు. “నా కళ్ళముందు ఒక ట్రే బోర్డులు చెయ్యండి. వెలిగితే పని మీది. లేదంటే ఏమీ అనుకోవద్దు, సామాను వ్యానెక్కించేస్తాను.”

మొదటి బోర్డు టెస్టరుకి తగిలించారు. వెలగలేదు. రెండోదీ వెలగలేదు. లక్ష్మీకాంత్ గారు ఏసీలో కూడా చెమట తుడుచుకుంటున్నాడు. డ్రైవరు లాజరు వ్యాను తలుపులు బార్లా తీసి పెట్టాడు.

మూడో బోర్డు తగిలించబోతూ ముబీనా టెస్టరు ఇనప పెట్టెని ముట్టుకుంది. వేలి చివర చురుక్కుమంది.

చాప వేశాక ఒక్కసారి కూడా అలా అవలేదే! ఆమె కిందికి చూసుకుంది. తన పాదాలకీ నల్ల చాపకీ మధ్య కవరు నిగనిగలాడుతోంది.

చెప్పాలంటే ఇంతమందిలో పెద్దావిడ తెచ్చినదాన్ని తప్పు పట్టాలి. ఊరుకుంటే వ్యాను నిండుతుంది.

“పెద్దమ్మగారూ... ఈ కవరు తీసెయ్యాలండీ.”

ఛాయాదేవి గారి మొహం ముడుచుకుంది. “పొద్దున్న బాగుందన్నావు?”

“అన్నానండీ. తప్పు నాది కూడా. మన కాళ్ళు తగిలితేనే చాప ఒంట్లో కరెంటుని భూమిలోకి పంపిస్తుంది. ప్లాస్టిక్ అడ్డుంటే దాని దాకా వెళ్ళదు. పైగా ప్లాస్టిక్ మీద నడిచేకొద్దీ ఇంకా పుడుతుంది.”

సంజీవరావు గారు పెద్దావిడ వంక చూశాడు. ఆవిడ చివాల్న లేచి, ఒక కొస పట్టుకుని కవరుని తనే బర్రున లాగారు. చిటపటలాడుతూ లేచింది కవరు. ఆవిడ పాలిస్టరు చీర కుచ్చెళ్ళు దానికి టక్కున అతుక్కుపోయాయి. దులుపుకుంటే ఈ పక్క వదిలి ఆ పక్క అంటుకుంటోంది.

“ఓసి దీని దుంపతెగ! వదలదేంటే ఇది!” అన్నారావిడ. ముందు ఆవిడే నవ్వారు. అప్పుడు అందరూ నవ్వారు.

“ఇంతకంటే బాగా నేనూ చూపించలేను” అన్నాడు సంజీవరావు గారు. “ట్రే మళ్ళీ మొదలుపెట్టండమ్మా.”

పాదాలు నేరుగా నల్ల చాప మీద ఆనాయి. టెస్టరు మీద ఎర్రటి అంకెలు వెలిగాయి. ఇంకోటి వెలిగింది. మరోటి వెలిగింది. మధ్యలో ఒకటి మాత్రం మొండికేసింది.

తెరేసమ్మ ఆ బోర్డు లాక్కుని చూసి నాలిక్కరుచుకుంది. “ముబీనాని ఏమీ అనకండి సార్. ముక్క తిరగేసి గుచ్చాను. ఇది నా ఘనకార్యం.”

తిప్పి పెడితే అదీ వెలిగింది.

సంజీవరావు గారు ట్రే వంక చాలాసేపు చూసి, “ఎవరి అజమాయిషీలో చేశారిది?” అనడిగాడు. లక్ష్మీకాంత్ గారు పక్కకి జరిగి ముబీనాకి దారిచ్చాడు. ఆమె తల వంచుకోవాలనుకుంది గాని, ఎందుకో ఆ క్షణాన తల వంగలేదు.

బయట లాజరు విసుగ్గా హారను కొట్టాడు. ముబీనా గుమ్మంలోకొచ్చింది.

“ఏం ఎక్కించాలమ్మా? పొద్దుణ్ణుంచీ తలుపులు తీసుకుని కూర్చున్నాను.”

“ఏమీ లేదన్నా” అంది ముబీనా. “తలుపులు వేసుకుని, లోపలికొచ్చి టీ తాగి వెళ్ళండి.”